పన్నెండోసారి

ఉపాధ్యాయుడికి ఒక దురలవాటు ఉంటుంది. ఏ వింతను చూసినా అది తాను చూడటానికి కాక, పక్కవాడికి చూపించడానికే పుట్టిందనుకుంటాడు. ముప్ఫై నాలుగేళ్ళు సర్కారు బడుల్లో తెలుగు పండితుడిగా పనిచేసి 2017లో పదవీ విరమణ చేసిన నాకు ఈ అలవాటు ఎంతగా ఒంటబట్టిందో, దానివల్ల నేను పోగొట్టుకున్నదేమిటో, కిందటి కార్తీకమాసంలో ఒక శనివారం నాడు గాని బోధపడలేదు. ఆ ఒక్క రోజు ముచ్చట చెప్పుకొందామని ఈ నాలుగు మాటలు.

మాది సూర్యాపేట. మా శ్రీమతికి మూడేళ్ళ కిందట రెండు కళ్ళలోనూ నీటికాసులు ఉన్నట్లు తేలింది. నాలుగు నెలలకొకసారి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కంటి ఆసుపత్రిలో చూపించుకోవాలి. విజయవాడ రహదారి మీద వచ్చే బస్సు మమ్మల్ని ఎల్బీనగర్ కూడలిలో దింపుతుంది. అక్కడికి దగ్గర్లోనే చైతన్యపురిలో మా అమ్మాయి ఇల్లు. గురువారం సాయంత్రం రావడం, శుక్రవారం ఆసుపత్రి, శనివారం ఉదయం తిరుగు బస్సు. మూడేళ్ళుగా ఇదే మా హైదరాబాదు యాత్ర.

ఈ జబ్బు తీరు విచిత్రమైనది. నొప్పి ఉండదు. ఎదుటి వస్తువు చక్కగానే కనబడుతుంది. చూపు అంచుల నుంచి చడీచప్పుడు లేకుండా తరిగిపోతూ ఉంటుంది. పోయిన చూపు తిరిగి రాదనీ, చుక్కల మందుతో కంటిలోని ఒత్తిడిని అదుపులో పెట్టి ఉన్నదాన్ని కాపాడుకోవడమే చేయగలిగిన వైద్యమనీ డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. ఆ శుక్రవారం పరీక్షలో ఎడమవైపు పక్కచూపు మరికొంత తగ్గిందన్నారు. నేను నీరుగారిపోయాను. మా ఆవిడ మాత్రం మెట్లు దిగుతూ, "పోతే పోయింది లెండి. పక్కచూపులు చూసే వయసా నాది?" అని నవ్వింది.

ఆ రాత్రి అన్నాలు తింటూ ఉండగా అమ్మాయి అన్నది: "రేపు వెళ్ళకండి నాన్నా. ఒక్కరోజు ఉండి, ఇద్దరూ ఎక్కడికైనా సరదాగా తిరిగి రండి. అమ్మా, నీకేం చూడాలని ఉంది?"

మా ఆవిడ ఆలోచించలేదు. "సాలార్‌జంగ్ మ్యూజియం" అన్నది.

అమ్మాయి ఆశ్చర్యపోయింది. "అదేమిటమ్మా, నాన్న ఏటేటా వెళ్ళేవారుగా! నువ్వు చూడలేదా?"

ఎవరూ మాట్లాడలేదు. నేను మజ్జిగ కోసం చేయి చాచాను.

నిజమే. విహారయాత్ర పేరిట బడిపిల్లలను ఆర్టీసీ బస్సులో ఎక్కించుకొని నేను పదకొండుసార్లు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాను. మొదటిది 1986లో, మా పెళ్ళైన మరుసటి సంవత్సరం. తెల్లవారుజామున మూడింటికి బస్సు బయలుదేరేది. జంతు ప్రదర్శనశాల, చార్మినారు, సాలార్‌జంగ్, బిర్లామందిరం చూపించుకొని అర్ధరాత్రికి ఊరు చేర్చేవాళ్ళం. ఆ పదకొండుసార్లూ అయ్యవార్లందరికీ సరిపోయేటట్లు రెండు పెద్ద డబ్బాల పులిహోర కలిపి ఇచ్చింది మా ఆవిడే. రాత్రి ఒంటిగంటకు లేచి పొయ్యి ముట్టించేది. డబ్బాలు పదకొండుసార్లు హైదరాబాదు చూశాయి. ఆమె చూడలేదు.

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి నేను లేచాను. అమ్మాయి వంటింట్లో దీపం వేసి చింతపండు నానబెట్టాను. అరవై ఆరేళ్ళ వయసులో జీవితంలో మొట్టమొదటిసారి పులిహోర చేశాను. అన్నం కొంచెం ముద్దయింది. పోపులో శనగపప్పు ఒక పక్క మాడింది. అయినా ఇంకెవరి చేతా ముట్టనివ్వక డబ్బాలో సర్ది మూత పెట్టాను. మా ఆవిడ లేచి వచ్చి, వాకిలి దగ్గర నిలబడి చూసి, ఏమీ అనకుండా స్నానానికి వెళ్ళింది.

చైతన్యపురిలో మెట్రో ఎక్కాము. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా ఈ మార్గం 2018 సెప్టెంబరులో మొదలైంది. అంతెత్తు నుంచి చూస్తూ ఉంటే మా పాత విహారయాత్రల దారే మరో ఊరిలాగా కనిపించింది. ఆ రోజుల్లో బస్సు కొత్తపేట దగ్గరికి రాగానే నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చునేవారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు వాసన అటువంటిది. 2021లో ఆ మార్కెట్టును ఊరి బయట బాటసింగారానికి తరలించారు. ఇప్పుడు కొత్తపేటను కళ్ళతో పోల్చుకోవలసిందే గాని ముక్కుతో పోల్చుకోలేము.

తరువాతి స్టేషను దిల్‌సుఖ్‌నగర్. నాలోని పండితుడు ఊరుకోడుగదా! "దిల్ పారసీకం, సుఖం సంస్కృతం. ఈ రెండింటికీ ముడిపెట్టి సమాసం చేస్తే చిన్నయసూరి ఒప్పుకోడు" అన్నాను. "మనసుకు సుఖంగా ఉంటే చాలదూ, సమాసం ఎట్లా ఉంటేనేం" అన్నది మా ఆవిడ. ఆ మాటకు నా దగ్గర సూత్రమేదీ లేకపోయింది.

ఆ తరువాత మూసారాంబాగ్. రెండో నిజాము కొలువులో సేనాపతిగా ఉండి 1798లో చనిపోయిన రేమాండ్ అనే ఫ్రెంచి దొర పేరు అది. ముసల్మానులు ఆయనను మూసా రహీం అన్నారట, హిందువులు మూసా రామ్ అన్నారట. దగ్గరలోని గుట్ట మీద ఆయన సమాధి ఉన్నది. పరాయి దేశస్థుడి పేరును ఎవరి నోటికి అందినట్లు వారు తిప్పుకొని తమవాణ్ణి చేసుకొన్న ఊరిది. ఇదంతా చెబుతూ ఉంటే ఆమె కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూస్తూ ఉన్నది. వింటున్నదో లేదో తెలియలేదు. మూసీ దాటగానే మహాత్మాగాంధీ బస్ స్టేషన్. పాతవాళ్ళకు అది ఇమ్లీబన్. అంటే చింతతోపు. దిగి, ఆటోలో మళ్ళీ నది ఇవతలికి, దారుల్‌షిఫాకు వచ్చాము.

ఒక మాట చెప్పాలి. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు. ముందురోజు ఆసుపత్రి పని త్వరగా ముగిసినా మాకు ఆ భాగ్యం దక్కేది కాదు. బయటి ఊళ్ళవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

లోపల అడుగుపెట్టగానే నా గొంతు దానంతటదే సవరించుకొన్నది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో పుట్టాడు. ఏడో నిజాముకు 1912 నుంచి రెండేళ్ళకు పైగా దివానుగా పనిచేశాడు. ఆ పదవి వదిలిన తరువాత 1949లో కన్నుమూసేదాకా ముప్ఫై అయిదేళ్ళు దేశదేశాల వస్తువులు సేకరించడమే పనిగా బ్రతికాడు. వాటిని 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రదర్శనశాలగా నెహ్రూ ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. మూసీ ఒడ్డున ఉన్న ఈ కట్టడంలోకి 1968లో వచ్చింది. పదకొండుసార్లు ఒప్పజెప్పిన పాఠం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పిల్లలు నవ్వుతారో కూడా నాకు తెలుసు.

మేలిముసుగు రెబెక్కా ఎదుట నిలబడ్డాము. "ఇది బెంజోనీ అనే ఇటలీ దేశపు శిల్పి పాలరాతిలో చెక్కినది. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఐరోపా వెళ్ళినప్పుడు రోములో కొని తెచ్చాడు. బైబిలు కథలో రెబెక్కా..." అని మొదలుపెట్టాను.

"కాసేపు ఆగండి" అన్నది మా ఆవిడ.

ఆగాను. ఆమె బొమ్మ పాదాల దగ్గర మొదలుపెట్టింది. చూపు ఇరుకైనవారు ఒక పెద్ద బొమ్మను ఒక్క చూపులో పట్టలేరు. తల కొద్దికొద్దిగా కదుపుతూ, ముక్క తరువాత ముక్కగా చూసుకొంటూ పోవాలి. కొత్తగా చదువు నేర్చినవారు అక్షరం కింద వేలు పెట్టి చదివినట్లు ఆమె ఆ విగ్రహాన్ని కింద నుంచి పైకి చదివింది. కుచ్చెళ్ళు, నడుము, చేతులు, భుజం, చివరకు ముసుగు, ముసుగులోని ముఖం. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు. మా వెనుక రెండు గుంపులు వచ్చి ఫోటోలు తీసుకొని వెళ్ళిపోయాయి.

"ముసుగూ రాయే, ముఖమూ రాయే. ఒకటే రాయి. అయినా ముసుగు ఎత్తితే ముఖం కనబడుతుందనిపిస్తోంది చూశారా" అన్నది.

నేను అప్పుడు చూశాను. నిజంగా అప్పుడే చూశాను. ముసుగు కింద వాలిన కనురెప్పలు, నుదుటి దగ్గర బట్ట ఒంటికి అంటుకొన్నట్లున్న చోటు, బుగ్గ పక్కన అది వదులై ముడతపడ్డ చోటు. పదకొండుసార్లు ఈ విగ్రహం ముందు నిలబడినవాణ్ణి. ఆ పదకొండుసార్లూ నా వీపు దాని వైపు ఉన్నది, ముఖం పిల్లల వైపు ఉన్నది. నలభై ముగ్గురున్నారా, నలభై రెండేనా అని తలలు లెక్కపెట్టుకొంటూ బెంజోనీ పేరు చెప్పాను. కాళిదాసు శకుంతలను కూడా ముసుగుతోనే దుష్యంతుడి సభకు తీసుకొచ్చాడని, అది కూడా పాఠంలో కలిపేవాణ్ణి. చెప్పిన మాట తప్పు కాదు. చూడకుండా చెప్పాను, అంతే.

అక్కడి నుంచి పాఠం మానేశాను. ఆమెకు ఎడమవైపు నడుస్తూ, మెట్టు వచ్చినప్పుడు మోచేయి పట్టుకొంటూ, ఆమె ఎక్కడ ఆగితే అక్కడ ఆగాను. నలుగురిలో మేము చేతులు పట్టుకొని నడిచినవాళ్ళం కాము. మా తరానికి అది సిగ్గు. ఈ జబ్బు ఆ సిగ్గును కాస్త వదిలించింది.

ఒకే కొయ్యదుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనుకవైపు మార్గరెట్టా ఉన్న జోడు బొమ్మ దగ్గర మరో వింత జరిగింది. గయిటే నాటకంలోని పాత్రలవి. మగవాడు పొగరుగా తల ఎత్తి నిలబడతాడు. వెనుక ఉన్న అద్దంలో తలవంచుకొన్న ఆడపిల్ల కనబడుతుంది. నేను ఎప్పుడూ పిల్లలను ముందువైపు వరసగా నిలబెట్టి, మగవాడి సంగతి అంతా చెప్పి, ఆఖరున "ఇప్పుడు అద్దంలో చూడండి" అనేవాణ్ణి. పిల్లలు "ఓహో" అనేవారు. మా ఆవిడ ముందువైపు ఆగనే లేదు. తిన్నగా అద్దం దగ్గరికి పోయి ఆ పిల్లను చూసింది. "దీన్ని వెనక్కి ఎందుకు పెట్టారు?" అని అడిగింది. వెనక్కి కాదు, అది రెండో ముందువైపు అని చెప్పబోయి ఊరుకొన్నాను.

పచ్చరాతి వస్తువుల గదిలో ఇల్తుత్‌మిష్ పేరు చెక్కిన పుస్తకపీఠం ఉన్నది. 1209-10 నాటిది. మన వ్యాసపీఠం వంటిదే. గ్రంథం పెట్టుకొనే పీట మీద ఎనిమిది వందల ఏళ్ళు నిలిచే శ్రద్ధ పెట్టిన ఆ పనివాడికి మనసులోనే దండం పెట్టుకొన్నాను. నూర్జహానుదని చెప్పే పండ్లు కోసే కత్తిని చూసి మా ఆవిడ, "దీనితో జామకాయ కోస్తే తెగుతుందంటారా?" అన్నది. ఎవరి చూపు వారిది.

పన్నెండు కావస్తూండగా గంట కొట్టే గడియారం ఉన్న చోటికి జనమంతా పరుగులు తీశారు. మేమూ వెళ్ళి ఒక బల్ల చివర కూర్చున్నాము. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారి గడియారమది. గంట కాబోయే ముందు లోపలి నుంచి ఒక గడ్డపు బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. పక్కన ఒక కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తి వేస్తూనే ఉంటుంది. ఆ బొమ్మ బయటికి వచ్చేదాకా ఆ జనంలో కూర్చొని ఉండగా మా ఆవిడ అడిగింది:

"ఈ సాలార్‌జంగుకు పెళ్ళాం బిడ్డలు లేరా?"

"లేరు. పెళ్ళి చేసుకోలేదు."

"అదీ సంగతి. ఇంట్లో చూపించుకోవడానికి ఎవరూ లేక ఊరంతటికీ చూపించాడు."

ఆమె మామూలుగానే అన్నది. నా గుండెలో మాత్రం సుత్తి పడింది. ఇంట్లో చూపించుకోవడానికి మనిషి ఉండీ, నేను ఊరంతటికీ చూపించాను.

"నువ్వు ఒక్కసారైనా అడగలేదేం?" అన్నాను. ఆ ప్రశ్న వేయకుండా ఉండవలసింది.

"అడిగాను. 92లో. పిల్ల అయిదో యేడు నడుస్తోంది, మీ అమ్మగారు దాన్ని చూసుకొంటానన్నారు. నేనూ రావచ్చా అని అడిగితే, అది పిల్లల బస్సు, ఆడంగులు ఎక్కేది కాదు అన్నారు. ఆ బస్సులో హెడ్మాస్టరుగారి భార్య, ఆవిడ చెల్లెలు వెళ్ళారు."

నాకు గుర్తు లేదు. ఎంత తవ్వినా గుర్తు రాలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆమె దాచుకొన్న మాట, నేను అన్న మరుక్షణమే మరిచిపోయిన మాట. ఆమె కంఠంలో నిష్ఠూరం లేదు. అది ఉంటే ఏదో ఒకటి చెప్పి సర్దుకొనేవాణ్ణి.

"తప్పు చేశాను" అన్నాను.

అంతలో గడ్డపు బొమ్మ బయటికి వచ్చింది. జనం గోల చేశారు. నేను అన్నది ఆమెకు వినబడిందో లేదో నాకు తెలియదు. పన్నెండు దెబ్బలూ ఆమె పెదవులతో లెక్కపెట్టింది. పన్నెండోది పడగానే నా వైపు తిరిగి, "సరిగ్గానే కొట్టాడు" అన్నది.

బయటికి వచ్చి పబ్లిక్ గార్డెన్స్‌కు ఆటో మాట్లాడుకొన్నాము. వంతెన దాటగానే ఉస్మానియా ఆసుపత్రి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని చెబుతారు. ఒక్క చెట్టు! ఆ రోజు ఆ కొమ్మల మీద ఎవరు ఎవరి చేయి పట్టుకొన్నారో! "ఇటు వైపు చెట్టు ఉన్నది" అని చూపిస్తే, ఎడమవైపు కాబట్టి ఆమె తల పూర్తిగా తిప్పవలసి వచ్చింది. ఆటో ముందుకు పోయింది. "కనబడింది" అన్నది. నన్ను నొప్పించకుండా అన్నదేమో!

తోటలో ఒక చెట్టు నీడన కూర్చొని డబ్బా మూత తీశాను. ఆమె ముద్ద నోట్లో పెట్టుకొని, నమిలి, నా ముఖం చూసింది.

"ఎట్లా ఉన్నది?"

"పులుపు ఉన్నది, ఉప్పు ఉన్నది. ఇంగువ వేయలేదు."

"మరిచిపోయాను."

"పల్లీలు బాగా వేగినయి" అని మరో ముద్ద తీసుకొన్నది. డబ్బా ఖాళీ అయ్యేదాకా మళ్ళీ ఏమీ అనలేదు. నలభై ఏళ్ళలో ఆమె చేసిన పులిహోర ఎన్నిసార్లు తిని, ఏమి బాగున్నదో నేను ఒక్కసారైనా చెప్పానా? ఆవకాయలో ఉప్పు తగ్గితే చెప్పాను. పప్పు పలచనైతే చెప్పాను. ఇదీ మా పండితుల పద్ధతే. తప్పు కనబడితే ఎర్రసిరా, ఒప్పు కనబడితే మౌనం.

ఆ తోటలోనే రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. 1930లో మొదలైనది. సాలార్‌జంగ్ జనసముద్రమైతే ఇది మునివాటిక. ఈజిప్టు నుంచి వచ్చిన మమ్మీ ఇక్కడి ప్రధాన ఆకర్షణ. ఆరో నిజాము అల్లుడు తెప్పించి ఏడో నిజాముకు ఇవ్వగా, ఆయన దీనిని ప్రదర్శనశాలకు ఇచ్చాడు. రెండు వేల ఏళ్ళు దాటిన ఆ దేహానికి పట్టిన చీడను చూసి, 2016లో ముంబయి నిపుణుల చేత బాగుచేయించి ఆమ్లజని లేని గాజుపెట్టెలో భద్రపరిచారు. నైషు అనే రాకుమారి అని అంటారు. మా ఆవిడ గాజుకు దగ్గరగా వంగి, "ఎవరు కన్న బిడ్డో పాపం, ఎంత దూరం వచ్చి పడుకొన్నదో" అన్నది. రాజులూ శకాలూ నేను చదువుకొన్నాను. ఆ మాట నాకు తట్టలేదు.

మేడ మీద అజంతా చిత్రాల నకళ్ళు ఉన్నవి. అజంతా ఒకప్పుడు నిజాము రాజ్యంలోనిది. 1914లో ఏర్పడ్డ హైదరాబాదు పురావస్తు శాఖకు తొలి అధిపతి గులాం యజ్దానీ. గుహల్లో రంగులు రాలిపోతూ ఉంటే ఇటలీ నుంచి నిపుణులను రప్పించి 1920 దశకం మొదట్లో వాటికి వైద్యం చేయించారు. ఉన్నది ఉన్నట్లుగా చిత్రకారుల చేత నకళ్ళు తీయించారు. రాలిపోయిన రంగు తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే. ఈ మాట నేను ముందురోజు ఆసుపత్రిలో కూడా విన్నాను. దానిని మా ఆవిడకు చెప్పలేదు. ఆమె అక్కడ ఒక చిత్రం ముందు కుర్చీలో కూర్చొని, కాళ్ళనొప్పి తీరేదాకా చూస్తూ ఉండిపోయింది. "అసలువి చూడటానికి అంత దూరం పోలేముగా. ఇవి చాలు" అన్నది. పోదామని నేను అనలేకపోయాను. అనవలసిందేమో! వచ్చే ఏడాదికి సంగతి చూడాలి.

తరువాత మొజంజాహి మార్కెట్టు. ఏడో నిజాము తన రెండో కుమారుడి పేరిట 1935లో కట్టించిన రాతి కట్టడం. అక్కడి ఫేమస్ ఐస్‌క్రీమ్ దుకాణం ముందు కుర్చీలు వేసి ఉంటాయి. సీతాఫలాల కాలం ముగిసిపోతూ ఉన్నది. ఆ ఏటికి ఆఖరు పంట కావచ్చు, సీతాఫలం ఐస్‌క్రీమ్ ఇంకా ఉన్నదన్నారు. గుజ్జు నోటికి తగులుతూ ఉన్నది. మా తోటలో చెట్టుకాయలు పిల్లల కోసం బియ్యంలో పెట్టి మాగవేసిన రోజులు గుర్తు చేసుకొన్నది మా ఆవిడ. ఒకటి తిని, నా వైపు చూడకుండా, "ఇంకొకటి చెప్పండి" అన్నది. ఆమె తనకోసం ఇంకొకటి అడగడం నేను అంతకు ముందు వినలేదు.

చీకటి పడే వేళకు మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దిగాము. మందుల దుకాణంలో చుక్కల మందు కొనవలసి ఉన్నది. అక్కడే బండి మీద మిరపకాయ బజ్జీలు. నూనెలో నుంచి తీసి, నిలువునా చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండి ఇచ్చాడు. శిక్షణ కేంద్రాల నుంచి వచ్చిన పిల్లలు చుట్టూ నిలబడి ఉద్యోగాల ప్రకటనల గురించి మాట్లాడుకొంటూ తింటున్నారు. అందులో ఒక పిల్లవాడు మా ఆవిడకు ఎడమపక్క నుంచి వేగంగా వచ్చి తగలబోయాడు. ఆమెకు వాడు కనబడలేదు. నేను అడ్డం నిలబడ్డాను. "సారీ తాతా" అన్నాడు. ఇంక ఇటు వైపు నేనుంటాను అని మనసులో అనుకొన్నాను. పైకి అనలేదు. పైకి అనే అలవాటు ఇంకా పూర్తిగా రాలేదు.

రాత్రి తొమ్మిదింటికి కళ్ళలో చుక్కలు వేశాను. ఆ మందు వేశాక రెండు మూడు నిమిషాలు కళ్ళు మూసుకొని, కంటికొనను ముక్కు పక్కన వేలితో అదిమి పట్టుకోవాలి. మామూలుగా ఆ సమయంలో ఆమె విష్ణునామాలు చెప్పుకొంటుంది. ఆ రాత్రి అమ్మాయికి మ్యూజియం చెప్పింది. మూసిన కళ్ళతోనే పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టి రెబెక్కాను ముసుగు దాకా చెప్పింది. కమ్మరి బొమ్మ సుత్తి చప్పుడు చెప్పింది. గాజుపెట్టెలో పడుకొన్న పిల్లను చెప్పింది. నేను చూసినవీ, నేను చూడనివీ అన్నీ ఆమె దగ్గర ఉన్నవి. పదకొండుసార్లు వెళ్ళినవాడి దగ్గర తారీఖులున్నవి. ఒక్కసారి వెళ్ళినామె దగ్గర మ్యూజియం ఉన్నది.

"నాన్న ఏం చెప్పారమ్మా అక్కడ?" అని అమ్మాయి నవ్వుతూ అడిగింది.

మా ఆవిడ కళ్ళు తెరవకుండానే, "గడియారం దగ్గర ఒక మాట చెప్పారు. విన్నాను" అన్నది.

మందు సీసా మూత బిగించి లేవబోతూ ఉండగా మళ్ళీ ఆమే అన్నది:

"ఫాల్గుణంలో మళ్ళీ చూపించుకోవాలిగదా. శనివారం ఉండే వెళదాం. చూడవలసిన గదులు ఇంకా మిగిలినయి. ఈసారి ఇంగువ మరిచిపోకండి."